చుట్టింటి కొలత

మార్కాపురంలో కాలేషా గీసిన ప్లాన్ల మీద లేచిన ఇళ్లు నూట యాభైకి తక్కువ ఉండవు. అన్నీ పెట్టెలే. ఈశాన్యంలో నీళ్లు, ఆగ్నేయంలో పొయ్యి, నైరుతిలో బరువు. ఏ మూల ఒక్క అంగుళం కోసుకుపోయినా ఇంటాయనకు నిద్ర పట్టదు. మున్సిపల్ ఆఫీసు ఎదుట చిన్న గదిలో బల్ల వేసుకుని పన్నెండేళ్లు ఆ పెట్టెలే గీశాడతను. ఇంటి యజమాని ఒకపక్క, వాస్తు చూసే ఆయన ఇంకోపక్క కూర్చుని చెబుతారు, నడుమ కూర్చున్నవాడు గీస్తాడు. "ఇక్కడ గోడ కొంచెం వంపు తిప్పితే గాలి బాగా ఆడతాది" అని ఒకే ఒకసారి నోరు జారాడు. ఎదుట కూర్చున్న పెద్దమనిషి కాగితాలు చంకన పెట్టుకుని లేచి పక్క దుకాణానికి పోయాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. జన్మకో ఇల్లు కట్టుకునేవాడు దాన్ని ఒకరి సరదాకు అప్పగిస్తాడా?

అయితే ఆ సరదా కాలేషాను వదల్లేదు. వీడియోలు చూసి, చూసింది చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి, తిన్నటి గీత ఒక్కటి లేకుండా కట్టడాల ఆకారాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి నేర్చుకున్నాడు. అందులో పని ఇలా ఉంటుంది. తెర మీద ముందు ఒక బల్లపరుపు రేకు పెడతారు. దాని మీద చుక్కలుంటాయి. ఒక చుక్కను పట్టి పైకి లాగితే రేకు అక్కడ ఉబ్బుతుంది, పక్క చుక్కలు కూడా కాస్త జరిగి దారి ఇస్తాయి. అలా లాగుతూ, నొక్కుతూ పోతే కొండవాలు లాంటి కప్పు, గవ్వ లాంటి గోడ తయారవుతాయి. చెబితే పిల్లల ఆటలాగే ఉంటుంది. కానీ ఉబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలియనివాడు చేస్తే అది కట్టడం కాదు, వాచిన దవడ.

వంపు సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి ఆ ఆకారం మీద నల్లచారలు వేస్తారు. చారలు తెగకుండా పారితే మంచి వంపు. ఎక్కడైనా చార విరిగిందంటే అక్కడ తప్పు దాక్కుని ఉన్నట్టు. కాలేషాకు చారలతో పనిలేదు, ఉత్త కంటితోనే చెప్పేస్తాడు. ఆ కన్ను చూసే బెంగళూరులో ఒక ఆర్కిటెక్టుల ఆఫీసు అతన్ని ఇంటి దగ్గరినుంచే పనిలో పెట్టుకుంది. అది జరిగి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో ఎడారి దేశంలో ఒక మ్యూజియం, సముద్రం ఒడ్డున ఒక ఆసుపత్రి కప్పు, పేరు కూడా నోరు తిరగని ఊళ్లో ఒక బస్టాండు, అలాంటివి నలభైకి పైగా అతని చేతిమీదుగా వెళ్లాయి. కొన్ని కట్టారట. ఫొటోలు వస్తాయి. వాటిలో ఒక్కదాన్ని కూడా కాలేషా ఎదుట నిలబడి చూడలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కాలేషా రచ్చ గెలిచాడు, ఇంట్లో ఆ కబురే తెలియదు. ఖాజాబీ ఉన్నప్పుడు కనీసం ఎగతాళి అయినా ఉండేది. భార్య కదా, ఆ హక్కు ఆమెది. టీ తెచ్చి బల్ల మీద పెట్టి, తెరలోకి తొంగిచూసి "ఈరోజేంది, పూరీనా, బోండానా?" అనేది. చుక్కను తప్పుగా లాగి కప్పు మరీ ఉబ్బిపోయిన రోజున "నూనె ఎక్కువ కాగింది" అనేది. అతను విసుక్కునేవాడు. కిడ్నీలు చెడి ఆమె చనిపోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. ఇప్పుడు ఎవరైనా వచ్చి విసిగిస్తే బాగుండునని కాలేషాకు రోజూ అనిపిస్తుంది.

అలాగని అతనిది ఎవరూ లేని కొంపా అంటే కాదు. కింద తమ్ముడు జునైద్ సంసారం. జునైద్‌కు స్టేషన్ రోడ్డులో మోటారు సామాన్ల దుకాణం, ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఎప్పుడూ వచ్చీపోయే చుట్టాలు. మరదలు ముబాషిరా పూటపూటా అన్నం గిన్నె మెట్ల మీద పెట్టి "భాయ్, ఖానా!" అని పిలిచి దిగిపోతుంది. ఒక్కపూట మరిచిపోయింది లేదు. పండక్కి కొత్త చొక్కా వస్తుంది. జ్వరమొస్తే మాత్ర వస్తుంది. తప్పు పట్టడానికి ఎవరూ ఏమీ మిగల్చలేదు. కిందినుంచి నవ్వులు వినిపిస్తుంటే పైన కూర్చుని, ఏ మాటకు నవ్వారో తెలియక, కాలేషా తెరమీది చుక్కలు లాగుతుంటాడు. ఆఫీసులో అతనికి పని చెప్పేది పద్మజ అనే ఆర్కిటెక్టు. ఏడేళ్లుగా దాదాపు రోజూ మాట్లాడుకుంటారు. ఆమె కెమెరా పెట్టదు, ఇతనూ పెట్టడు. మనిషి నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో ఇతనికి తెలియదు.

అతనికి ఉన్న కోరికల్లా ఒక్కటే. తాను తిప్పిన వంపు ఒకటి నేల మీద నిలబడాలి, దాన్ని అరచేత్తో తడిమి చూడాలి. పెద్దది అక్కర్లేదు. కోళ్లగూడైనా సరే. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరున్నారు గనక.

ఎండలు ఇంకా పూర్తిగా దిగని రోజుల్లో ఒక ఉదయం నాగవేణి వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది, ఆమె ఇంటి ప్లాను కాలేషా గీసిందే. వెంట ఒక ముసలామెను తెచ్చింది. పొట్టి మనిషి, గట్టి మనిషి, చేతిలో కర్ర ఉంది గాని దాని మీద ఆనడం లేదు.

"మా యమ్మ అన్నా, మాలకొండమ్మ. హనుమంతునిపాడు కాడ మా ఊళ్లోనే ఉంటాది, గొర్రెలు పెట్టుకోని," అంది నాగవేణి. "ఇల్లు కడతానని పట్టుబట్టింది. మేం చెప్పీ చెప్పీ అలిసిపోయినాం. నువ్వన్నా చెప్పు."

"ఇల్లు కట్టుకుంటే మంచిదే గదమ్మా. ఏం చెప్పాల?"

"మూలల్లేని ఇల్లు కావాలంట!"

కాలేషా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"మూలల్లేని ఇల్లేంది, దాని మొగం," అంది మాలకొండమ్మ. "చుట్టిల్లు నాయనా. గుండ్రంగా మట్టిగోడ, పైన బోదగడ్డి కప్పు. నేను పుట్టింది అట్లాంటి దాంట్లోనే, మా నాయన కట్టినాడు. ఇప్పుడు కాలనీలో స్లాబు ఇల్లుంది. ఎండాకాలం పెనం మీద అట్టు మాదిరి మాడిపోతన్నా. మా ఆయన పోయినాక ఇంకా కష్టమైంది. పడుకుంటే నాలుగు మూలలూ నన్నే చూస్తన్నట్టుంటాది. మేస్త్రీలను అడిగితే నవ్వినారు. నువ్వు కూడా నవ్వుతావా?"

"నవ్వను పెద్దమ్మా," అన్నాడు కాలేషా. కాగితం, పెన్సిలు దగ్గరికి లాక్కున్నాడు. ఇన్నేళ్లలో తన దగ్గరికొచ్చి, వంపు కావాలని నోరు తెరిచి అడిగిన మొదటి మనిషి ఈమె.

ఎంత ఉండాలని అడిగాడు. మాలకొండమ్మ కుడిచెయ్యి మడిచి మోచేతి నుంచి వేలికొస దాకా చూపించింది. "ఈ గోడ కాడినుంచి ఆ గోడకు పన్నెండు మూరలు. ఎక్కువ వద్దు. వీపు ఆనించి కూచుంటే గోడ నన్ను పట్టుకోవాల." ఆ మాట చెబుతూ కళ్లు మూసుకుని రెండు చేతులతో గాలిలో ఇంటిని తడిమింది. గోడ పొట్ట ఎక్కడ కొంచెం బయటికి వస్తుందో, కప్పు ఎక్కడ కిందికి జారుతుందో, వాకిలి ఎంత వంగి దూరాలో, అన్నీ చేతులతోనే. కాలేషా ఆ చేతులనే చూస్తూ కాగితం మీద రాసుకున్నాడు. పన్నెండు మూరలు, అంటే పద్దెనిమిది అడుగులు. ఈ పనిలో ఉన్న ఎవరైనా అంతే రాస్తారు.

తరవాతి ఇరవై రోజులు అతనికి ఎలా గడిచాయో తెలియదు. బెంగళూరు పని ముగించుకోవడం, ముసలామె ఇల్లు తెరవడం. మ్యూజియానికి పెట్టినంత బుద్ధి ఆ గుడిసెకు పెట్టాడు. గోడను మట్టి వరసలుగా కోశాడు, ఒక్కో వరసకు వలయం ఎంతుండాలో విడిగా గీశాడు. చారలు వేసి చూశాడు. చుట్టూ తిరిగి మొదటికి వచ్చేదాకా ఒక్క చార తెగలేదు. ఆ సంతోషం పట్టలేక, గిన్నె పెట్టడానికి వచ్చిన ముబాషిరాను లోపలికి పిలిచాడు. ఆమె కొంగు సర్దుకుని, గడప దగ్గరే నిలబడి తెర వైపు చూసింది.

"గుంబజా, భాయ్? మసీదు మీదికా?"

"కాదమ్మా, ఇల్లు. గొర్రెలు కాసే ఒక పెద్దామెకు."

"అచ్ఛా ఉంది," అని మర్యాదకు నవ్వి, నిన్నటి గిన్నె తీసుకుని దిగిపోయింది. పాపం, ఆమె మాత్రం ఏం చెయ్యగలదు, కింద పొయ్యి మీద పాలున్నాయి.

తొమ్మిది పెద్ద కాగితాల మీద ప్రింట్లు తీయించి నాగవేణి చేతికిచ్చాడు. మిల్లీమీటరుతో సహా అన్నీ రాశాడు. కట్టేది యల్లయ్య అనే మేస్త్రీ, వాళ్ల ఊరివాడే. చిన్నప్పుడు వాళ్ల తాతతో చుట్టిళ్లకు మట్టి తొక్కినవాడట. కాలేషా నిశ్చింతగా ఉన్నాడు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు గీసిచ్చాక ఇంకేం కావాలి?

ఒక మంగళవారం మాలకొండమ్మ ఫోను చేసింది.

"బేస్తవారం ముగ్గు పోస్తన్నాం నాయనా. పొద్దున్నే రావాల నువ్వు. యల్లయ్యకు అనుమానం ఒకటొచ్చింది. నువ్వు రాసింది ఎవరి మూర?"

"మూరకు ఎవరిదేంది పెద్దమ్మా? మూరంటే అడుగున్నర. యాడైనా అంతే."

అవతల గొర్రె ఒకటి అరిచింది.

"అట్లనా," అంది మాలకొండమ్మ. "సరే, నువ్వొచ్చి నిలబడు. నువ్వు లేకుంటే కాదు."

కాలేషా నసిగాడు. గురువారం పొద్దున పది గంటలకు బెంగళూరు వాళ్ల మీటింగు ఉంది. ఏదో విమానాశ్రయం కప్పును కట్టించేవాళ్లకు చూపించే రోజు. "మీరు తప్పకుండా ఆన్‌లైన్‌లో ఉండండి కాలేషా గారూ, వాళ్లేమైనా మార్పులు అడగొచ్చు," అని పద్మజ వారం ముందే చెప్పింది. ముసలామెది మర్యాద పిలుపని అతను అనుకున్నాడు. వెళితే ఒక కొబ్బరికాయ కొడతారు, తాంబూలం ఇస్తారు, ఫొటో దిగుతారు. ఇల్లు లేచాక పోతే పోలేదా?

"అంతా కాగితంలో ఉంది పెద్దమ్మా. గీత గీతకూ కొలత రాసినా. నేను లేకపోయినా ఏం కాదు."

గురువారం పదింటికి కాలేషా ఉతికిన చొక్కా వేసుకుని తెర ముందు కూర్చున్నాడు. మీటింగులో పదకొండు మంది ఉన్నారు. అతని పేరు జాబితాలో అట్టడుగున ఉంది, పక్కన మైకు మూసిన గుర్తు. వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు, కప్పును తిప్పితిప్పి చూశారు, ఎవరో బాగుందన్నారు, ఇంకెవరో రంగు గురించి అడిగారు. పది ఇరవైకి ఫోను మోగింది. మాలకొండమ్మ. కాలేషా దాన్ని బోర్లా పెట్టాడు. పదకొండున్నరకు మళ్లీ మోగింది. బల్ల మీద అది గుర్రుమంటూ జరుగుతుంటే చేత్తో నొక్కిపట్టుకున్నాడు. పన్నెండింటికి "అందరికీ థాంక్స్" అని ఎవరో అన్నారు, ఒక్కొక్కరే మాయమయ్యారు. రెండు గంటల్లో అతన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. అతను ఉన్నాడో లేడో కూడా చూసుకోలేదు. తిరిగి ఫోను చేస్తే మాలకొండమ్మ ఎత్తలేదు. గొర్రెల వెంట పోయుంటుందిలే అనుకున్నాడు.

ఆరు వారాలు గడిచాయి. ఈమధ్యలో కాలేషా రోజుకొకసారైనా ఆ మోడల్ తెరిచి చూసుకునేవాడు. ఇప్పుడు మూడో వరస ఎండుతుంటుంది, ఇప్పుడు వాసాలు ఎక్కి ఉంటాయి, అని లెక్కలు వేసుకునేవాడు. ఫోను మాత్రం చెయ్యలేదు. చేస్తే ఆ గురువారం సంగతి వస్తుందని లోలోపల బెరుకు. చివరికి ఒకరోజు నాగవేణే వీధిలో ఎదురై "అమ్మ ఇంట్లోకి చేరింది అన్నా, పాలు పొంగించినాం" అంది. ఎందుకు పిలవలేదో ఆమె చెప్పలేదు, ఇతనూ అడగలేదు. మరునాడు పొద్దున్నే తల దువ్వుకుని బస్సెక్కాడు.

రెండు బస్సులు మారి, ఆటో ఎక్కి, కంది చేల మధ్య దిగేసరికి పదకొండయింది. ఊరికి ఎడంగా, రాళ్లగుట్ట పక్కన కనిపించింది. ఎర్రమట్టి గోడ, పైన కొత్త బోద. ఆ దిక్కున ఉన్న కాలనీ ఇళ్లన్నీ ఒక వరసలో నిలబడి ఉంటే, ఇదొక్కటే వాటికేసి వీపు తిప్పి కూర్చుని ఉంది. కాలేషా అడుగులు వేగమయ్యాయి. నలభై ఆరేళ్ల మనిషి పరిగెత్తితే బాగుండదని ఆపుకున్నాడు గాని, లేకుంటే పరిగెత్తేవాడే. దగ్గరికి పోయి, ఎవర్నీ పిలవకుండానే అరచెయ్యి గోడ మీద పెట్టాడు.

గోడ వెచ్చగా ఉంది. పేడ అలికిన చోట సన్నగా గరుకు. అలా చెయ్యి తియ్యకుండా నాలుగడుగులు నడిచాడు. అయిదో అడుగుకు చెయ్యి ఆగింది. ఇక్కడ గోడ కొంచెం లోపలికి వచ్చింది. తాను గీసిన దాంట్లో ఇలా లేదు. ఇంకో రెండడుగులకు మళ్లీ బయటికి పోయింది. చారలు వేస్తే ఇక్కడ తెగిపోతాయి. వెనక్కి జరిగి మొత్తం చూశాడు. గుండ్రం కాదు, కోడిగుడ్డూ కాదు. ఎక్కడికక్కడ తనిష్టం వచ్చినట్టు తిరిగింది. పైగా చిన్నది. ఈ చివరినుంచి ఆ చివరికి అంగలతో కొలిచాడు. పదహారడుగులకు మించదు. ఇంతకంటే నిక్కచ్చిగా తెలుసుకోవలసింది లేదు. ఇది తన ఇల్లు కాదు. తాను గీసింది ఇక్కడ ఎవరూ కట్టలేదు.

బాగుందా అంటే, బాగుంది. అదే అతన్ని ఎక్కువ కోసింది. తన మోడల్ కంటే బాగుంది.

"వచ్చినావా," అని వినిపించింది. మాలకొండమ్మ వాకిట్లో వంగి బయటికొచ్చి నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. పక్కన గొర్రెల దొడ్డికి రాతిగోడ పేరుస్తున్న యల్లయ్య చేతులు దులుపుకుంటూ లేచాడు. యాభై దాటిన మనిషి, మోకాళ్లదాకా మట్టి.

"ఈయనేనా ప్లాను సారు?" అన్నాడు. "సార్, ఏమనుకోవద్దు. మీ కాగితం ప్రకారం కట్టలేదు."

"చూసినా," అన్నాడు కాలేషా. "ఏం తప్పొచ్చింది కాగితంలో?"

"కాగితంలో తప్పేం లేదు సార్. మా తట్టు చుట్టింటికి కొలత పెట్టే పద్ధతి ఒకటుంది. ఇంట్లో ఉండబోయే మనిషి నడిమధ్య కూచోని తాడు కొస పట్టుకోవాల. కొలత రాసినోడు రెండో కొస పట్టుకోని, ముగ్గు పోసుకుంటా చుట్టూ తిరగాల. తాడు పొడవు ఆ ఇంటిమనిషి మూరతోనే కొలుస్తాం. అదొక లెక్క. తిరిగేటప్పుడు కూచున్న మనిషి చెప్తాది, ఈడ ఇంకొంచెం దగ్గరికి రా, ఆడ కొంచెం ఎడంగా పో, అని. తాడు అట్ల వదుల్తా లాగుతా ఉంటాది. ఇల్లు మనిషిని పట్టుకోని వస్తాది సార్."

"మరి నాతో ఎవరూ చెప్పలేదే?"

"చెప్పేదేంది," అంది మాలకొండమ్మ. ఆమె గొంతు పెరగలేదు, కోపం మాత్రం దాచుకోలేదు. "నువ్వొచ్చి నిలబడు, నువ్వు లేకుంటే కాదు అన్నా. ఇంకెట్ల చెప్తారు? ఆ పొద్దు నడిమధ్య కూచున్నా నాయనా, తాడు కొస చేతిలో పెట్టుకోని. లేస్తే మంచిది కాదు, లేవకూడదు. ఎండెక్కింది. రెండుసార్లు ఫోన్ చేసినా. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి, ఎవరికోసం కూచున్నావు అని నవ్వి పోయినారు. పన్నెండు కొట్టేదాకా చూసినా నీకోసం, ఆపైన ఫోను తియ్యబుద్ధి కాలేదు. అంతా కాగితంలో ఉంది అంటివి. కాగితం తాడు పట్టుకుంటాదా?"

కాలేషాకు ఆ గురువారం కళ్ల ముందు కదిలింది. ఇక్కడ ఒక మనిషి తనకోసం ఎండలో కూర్చుని ఉంటే, తాను ఉతికిన చొక్కా వేసుకుని, తనతో పనిలేని పదిమంది మాటలు మైకు మూసుకుని విన్నాడు. నాలుగేళ్లుగా తననెవరూ పిలవడం లేదని బాధపడ్డవాడు, పిలిచిన ఫోనును బోర్లా పెట్టి చేత్తో నొక్కిపట్టాడు. ఇందులో ఇంకొకరిని అనడానికి ఏముంది?

"తప్పైంది పెద్దమ్మా," అన్నాడు.

"అయిపోయిందిలే. యల్లయ్యే తిరిగినాడు నాకు. రా, లోపలికి రా."

లోపల చల్లగా ఉంది. కళ్లకు చీకటి అలవాటయ్యాక ఒక్కొక్కటే కనబడ్డాయి. మాలకొండమ్మ గోడకు వీపు ఆనించి కూర్చుని చెయ్యి చాపితే నీళ్లకుండ అందింది. ఇంకోవైపు చాపితే పొయ్యి, కర్రలు. పక్కకు వాలితే పడక. లేవాల్సిన పని లేదు. ఆమె వీపున్న చోటే గోడ లోపలికి వచ్చింది, చార తెగుతుందని అతననుకున్న చోటు అదే. పద్దెనిమిది అడుగులైతే కుండ కోసం ఆమె నడవాల్సి వచ్చేది. కాలేషా తలెత్తాడు. చూరులో, రేషన్ కార్డు పక్కన, తన తొమ్మిది కాగితాలు మడిచి భద్రంగా చెక్కి ఉన్నాయి. ఆఫీసు కాగితమంటే ఆమెకు అంత గౌరవం.

మజ్జిగ ఇచ్చింది. తాగి బయటికొచ్చాడు. యల్లయ్య మళ్లీ రాళ్లలో పడ్డాడు. కాలేషా అతని దగ్గర కాసేపు నిలబడి, అడగాలా వద్దా అని తటపటాయించి, అడిగాడు.

"యల్లయ్యా, తర్లుపాడు రోడ్డులో నాకు నాలుగు సెంట్లుంది. ఖాళీగానే ఉంది. ఇట్లాంటిదొకటి కడతావా నాకు?"

యల్లయ్య ముఖం వెలిగింది. "కడతా సార్, ఎందుక్కట్టను? ఈ పని అడిగే నాథుడే లేడు. మట్టి మీ తట్టు కూడా దొరుకుతాది. మంచిరోజు చూసుకోండి. నడిమధ్య మీరు కూచుంటారు. తాడు పట్టుకోని ఎవరు తిరుగుతారు?"

"నువ్వు తిరగవా?"

"మాలకొండమ్మది మా ఊరు, పైగా నాకు చిన్నమ్మ వరస. అందుకని తిరిగినా. దారినపోయే మేస్త్రీ తిరిగేది కాదు సార్ అది. కొలత రాసేది, ఇంట్లో ఉండేది మీరే గాబట్టి, తాడుకు మీ మంచీచెడ్డా తెలిసిన మనిషి కావాల. ఇంకొంచెం దగ్గరికి రా అంటే ఎంత దగ్గరికో తెలియాల గదా. ఎవరున్నారు?"

మేస్త్రీ అడగాల్సిన ప్రశ్నే అది. సిమెంటు ఎన్ని బస్తాలు అని అడిగినట్టే అడిగాడు, మనసులో ఇంకేమీ లేదు. కాలేషా వెతికాడు. జునైద్ రమ్మంటే వస్తాడు, వచ్చి గడియారం చూసుకుంటాడు. ముబాషిరా గడప దాటి లోపలికి రాలేదు ఎప్పుడూ. పద్మజకు ఇతని ముఖమే తెలియదు. తనకు ఏది దగ్గరో ఏది దూరమో తెలిసిన ఒక్క మనిషి మార్కాపురం ఖబరస్తాన్‌లో ఉంది, ఆమె దగ్గరికొచ్చి నిలబడినప్పుడల్లా తాను విసుక్కున్నాడు. యల్లయ్య చేతిలో రాయి పట్టుకుని జవాబు కోసం చూస్తున్నాడు.

"ఎవరూ లేరు యల్లయ్యా," అన్నాడు కాలేషా. ఆ మాట బయటికి అనడం అతనికి అదే మొదటిసారి.

యల్లయ్య నిజంగానే ఆలోచించాడు. "అట్లయితే నడిమధ్య గునపం పాతి, మీరే తిరగాల. కానీ సార్, అప్పుడది గునపానికి కట్టిన ఇల్లవుతాది గానీ మీకు కాదు," అన్నాడు. అని, రాయిని గోడలో కుదిర్చి సుత్తితో తట్టాడు.

కాలేషా తల ఊపాడు. సరే అన్నట్టా, తెలిసింది అన్నట్టా, యల్లయ్యకు అర్థం కాలేదు. కాలేషా చుట్టింటి నీడకు పోయి, బయటివైపు గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. గోడ అతని కోసం తిరిగింది కాదు, ఎక్కడ ఆనినా వెన్నుకు ఒత్తుకుంటోంది. అటు జరిగాడు, ఇటు జరిగాడు. చివరికి జరగడం మానేసి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఖాజాబీ పోయిన రోజున కూడా నలుగురి ముందు ఇలా ఏడవలేదు.

మాలకొండమ్మ వాకిట్లోంచి చూసింది. ఏమైందని అడగలేదు. ఆ వయసుకు అడగకుండా తెలిసేవి కొన్ని ఉంటాయి. కోపం పోయిందో లేదో గాని, వచ్చి కొంచెం ఎడంగా తనూ కూర్చుంది.

"మీ మార్కాపురం పోవాలంటే నాలుగింటికి బస్సుంది," అంది. "అప్పటిదాకా కూచో."